మార్క్ టూ తర్వాత అంతా బూడిదేనా?

డీప్ పర్పుల్ అభిమానుల్లో ఒక తెగ ఉంది. వాళ్ళ గోడ మీద క్యాలెండరు 1973 జూన్ దగ్గరే ఆగిపోయింది. ఆ నెలాఖర్లో జపాన్‌లోని ఒసాకాలో కచేరీ ముగించి గాయకుడు ఇయాన్ గిల్లన్, బేస్ వాయించే రోజర్ గ్లోవర్ బ్యాండులోంచి వెళ్ళిపోయారు. 1984లో అదే అయిదుగురూ మళ్ళీ కలిసి "పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్" తెస్తే ఈ తెగవాళ్ళు ఓసారి కళ్ళు తెరిచి చూశారు. 1993 నవంబరులో గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ శాశ్వతంగా గుడ్ బై చెప్పేసరికి మళ్ళీ ముసుగు తన్ని పడుకున్నారు. ఇప్పుడు వాళ్ళని లేపి "బాబూ, ఆ బ్యాండు ఇంకా ఉంది, 2024లో కూడా ఓ కొత్త ఆల్బమ్ తెచ్చింది, వింటావా?" అని అడగండి. "ఎవరూ, ఆ పేరు తగిలించుకుని ఊళ్ళు తిరుగుతున్నవాళ్ళా?" అంటారు.

ఈ తెగతో నా పరిచయం పాతికేళ్ళ పైమాటే. అసలు నాకు రాక్ వినడం నేర్పిందే ఈ తెగ పెద్ద ఒకాయన. వరంగల్ ఆర్.ఈ.సీ. హాస్టల్లో నాకు రెండేళ్ళు సీనియర్. ర్యాగింగ్ రోజుల్లో సార్, తర్వాత అన్న, ఇప్పటికీ అన్నే. ఆయన దగ్గర "మేడ్ ఇన్ జపాన్" మొత్తాన్నీ ఒక తొంభై నిమిషాల క్యాసెట్టులోకి ఎక్కించిన కాపీ ఉండేది. 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యోల్లో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్ అది. మొదటి వైపు అయిదో పాట, గిల్లన్ గొంతూ బ్లాక్‌మోర్ గిటారూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకునే పాట, సరిగ్గా రసపట్టులో ఉండగా టేపు అయిపోయి టక్కుమనేది. ఆ పాట ముగింపు నేను విన్నది 2001లో, ఎంపీత్రీలు చేతికొచ్చాక. ఇప్పటికీ అది వింటే చివరి ముక్క ఎవరో తర్వాత అతికించినట్టే ఉంటుంది నాకు.

సరే, ఈ గోల తెలియనివాళ్ళ కోసం కాస్త వెనక్కెళ్దాం.

డీప్ పర్పుల్ 1968లో ఇంగ్లండులో పుట్టింది. మనుషులు మారినప్పుడల్లా అభిమానులు ఆ జట్టుకొక నెంబరేశారు. మార్క్ వన్, మార్క్ టూ, మార్క్ త్రీ... మన భాషలో మేజర్ రిలీజులన్నమాట. ఇప్పుడున్నది మార్క్ నైన్. మధ్యలో మార్క్ టూకి రెండుసార్లు రోల్‌బ్యాక్ కూడా జరిగింది. 1984లో ఒకసారి, 1992లో ఇంకోసారి. రెండోసారి ఎక్కువకాలం నిలబడలేదు. ప్రొడక్షన్‌లో రోల్‌బ్యాకులు ఎంత నిలబడతాయో మనకి తెలియనిదేముంది!

మార్క్ టూ అంటే గిల్లన్, గ్లోవర్, బ్లాక్‌మోర్, ఆర్గన్ మీద జాన్ లార్డ్, డ్రమ్స్ మీద ఇయాన్ పేస్. 1970లో "ఇన్ రాక్", 1972లో "మెషీన్ హెడ్", ఆ ఏడాది చివర్లోనే "మేడ్ ఇన్ జపాన్". గిటారు పట్టుకున్న ప్రతి కుర్రాడూ మొదటివారంలోనే కెలికే ఆ "స్మోక్ ఆన్ ద వాటర్" వీళ్ళదే. 1971 డిసెంబరు 4న స్విట్జర్లండులోని మాంట్రో ఊళ్ళో ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా క్యాసినో తగలబడిపోయింది. అక్కడే రికార్డింగు చేద్దామని వచ్చినవాళ్ళు సరస్సు మీద పొగ చూసి కట్టుకున్న పాట. ఆ మూడేళ్ళలో వాళ్ళు చేసిన పనికి నేను కూడా దణ్ణం పెడతాను. అందులో వాదన లేదు.

వాదనల్లా "ఒరిజినల్" అన్న ముక్క దగ్గర. మా అన్న మార్క్ టూని ఒరిజినల్ లైనప్ అంటాడు. ఆ తెగంతా అలాగే అంటుంది. కానీ మార్క్ టూ ఒరిజినల్ కాదు కదా! ఒరిజినల్ గాయకుడు రాడ్ ఎవాన్స్, ఒరిజినల్ బేసిస్టు నిక్ సింపర్. మూడు ఆల్బములు చేశారు. "హష్" పాట అమెరికాలో నాలుగో స్థానందాకా వెళ్ళింది. అంటే వాళ్ళేమీ ఫ్లాపు బ్యాచ్ కాదు. 1969 వేసవిలో మిగతా ముగ్గురూ వీళ్ళకి చెప్పకుండా గిల్లన్‌నీ గ్లోవర్‌నీ తెచ్చుకున్నారు. కొన్నివారాలపాటు పగలు కొత్తవాళ్ళతో రిహార్సల్స్, సాయంత్రాలు పాతవాళ్ళతో కచేరీలు! సింపర్, ఎవాన్స్ పాపం ఎప్పట్లాగే వచ్చి వాయించి, పాడి వెళ్తున్నారు. అవతల వాళ్ళ కుర్చీల్లో వేరేవాళ్ళు కూర్చుని పాటలు కట్టేస్తున్నారు. మన ఆఫీసుల్లో అయితే కనీసం కే.టీ. సెషన్ అని ఒక మీటింగు పెడతారు, అప్పుడైనా అనుమానమొస్తుంది.

అంటే మనం ఒరిజినల్ అని పూజించేది కూడా ఎవరినో తోసేసి వచ్చిన కొత్త లైనప్పే. 1969లో మార్క్ వన్ అభిమాని ఎవడో ఒకడు ఉండే ఉంటాడు. "ఈ అరుపులాయన ఎవర్రా బాబూ, ఎవాన్స్ ఎంత హాయిగా పాడేవాడు" అని తల పట్టుకునే ఉంటాడు. వాడి మాట చరిత్రలో మిగల్లేదంతే.

తర్వాత సంగతి త్వరగా చెప్పేస్తాను. గిల్లన్ పోయాక బట్టలకొట్లో పనిచేసే డేవిడ్ కవర్‌డేల్ అనే కుర్రాడిని పెట్టుకున్నారు, గ్లోవర్ బదులు గ్లెన్ హ్యూజ్. 1974లో "బర్న్" వచ్చింది. అది బాగోలేదనే ధైర్యం మా అన్నకి కూడా లేదు, అందుకని "మార్క్ టూ కి అదొక అనుబంధం" అని సర్దుకుంటాడు. 1975లో బ్లాక్‌మోర్ అలిగి వెళ్ళిపోయి రెయిన్‌బో పెట్టుకున్నాడు. ఆయన చోట్లోకి అమెరికన్ కుర్రాడు టామీ బోలిన్ వచ్చాడు. ఒకే ఆల్బము. జనం కేకలేసి బ్లాక్‌మోర్‌ని అడిగేవారు. 1976 మార్చిలో బ్యాండు ఆగిపోయింది, డిసెంబరులో బోలిన్ డ్రగ్స్ వల్ల చచ్చిపోయాడు. పాతికేళ్ళు. ఆ "కమ్ టేస్ట్ ద బ్యాండ్" ఆల్బమ్‌ని ఇవాళ ఎవరి పేరూ చెప్పకుండా ఎవరికైనా వినిపించండి, బావుందంటారు. డీప్ పర్పుల్ అని చెప్పి వినిపిస్తే బావోలేదంటారు. ఆ కుర్రాడికి ఈ రెండో పరీక్షే పెట్టారు.

1990లో జో లిన్ టర్నర్‌తో వచ్చిన "స్లేవ్స్ అండ్ మాస్టర్స్" గురించి నేనేం మాట్లాడను. దాని విషయంలో మా అన్న చెప్పిందే రైటు :)

ఇక అసలు కథ. 1993 నవంబరులో హెల్సింకీ కచేరీ తర్వాత బ్లాక్‌మోర్ వెళ్ళిపోయాడు, నెల తిరక్కుండా జపాన్ టూరు. జో సాట్రియానీ వచ్చి ఆదుకున్నాడు. ఆయనకి సొంత ఒప్పందాలున్నాయి, ఉండిపోలేనన్నాడు. 1994 చివర్లో స్టీవ్ మోర్స్ వచ్చాడు. డిక్సీ డ్రెగ్స్ అనే బ్యాండుతో గిటారు వాయించేవాళ్ళలో అప్పటికే పెద్ద పేరు. మధ్యలో ఓ దశలో సంగీతం పక్కన పెట్టి విమానాలు కూడా నడిపాడు. ఈ కొత్త జట్టు తొలినాళ్ళలో వాయించిన ఊళ్ళలో మన బొంబాయి ఒకటి. 1995లో చేసిన ఆ కచేరీ "బాంబే కాలింగ్" పేరుతో రికార్డుగా దొరుకుతుంది. అది వినండి. ఈ బ్యాండుతో ఇంకా ఆల్బమ్ ఒక్కటీ రాని గిటారిస్టు, ఇరవైమూడేళ్ళ కిందటి ఇంకొకడి పాటలు వాయిస్తుంటే మనవాళ్ళు గొంతు పగిలేలా అరుస్తున్నారు. అక్కడ ఎవడూ చేతులు కట్టుకుని నుంచుని బేరీజు వేస్తున్నట్టు లేదు. మన దేశానికి ఇలాంటి బ్యాండు రావడమే గగనం, వస్తే ఏ మార్క్ వచ్చిందని చూసుకునే తీరిక ఎవరికుంది? బేరీజు వెయ్యడం కూడా కడుపు నిండినవాళ్ళు చేసే పని అని నాకో అనుమానం.

మోర్స్‌కీ బ్లాక్‌మోర్‌కీ ఉన్న తేడా నాకు తెలిసినంతలో చెప్తాను. (నేను గిటారు వాయించగలిగింది ఆ ఒక్క రిఫ్ మాత్రమే, అదీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు.) బ్లాక్‌మోర్ వాయించేటప్పుడు తర్వాతి క్షణం ఏం చేస్తాడో ఆయనకే తెలియదనిపిస్తుంది. ఒకరోజు అద్భుతం, ఇంకోరోజు కోపమొచ్చి సగంలో లేచిపోయినా పోతాడు. మోర్స్ అలా కాదు. ప్రతి స్వరం విడివిడిగా, కడిగిన ముత్యంలా వినపడుతుంది. మా అన్నకి అదే నచ్చదు. "తప్పు చెయ్యనివాడు రాక్ ఏం వాయిస్తాడ్రా, వాడు టైపింగ్ పరీక్షకి వచ్చినట్టుంటాడు" అంటాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ విమర్శలో కొంత నిజముంది. "హైవే స్టార్" సోలో మోర్స్ చేతిలో ఎంత కచ్చితంగా ఉన్నా ఆ ప్రమాదపు వాసన రాదు. కానీ 1996లో వచ్చిన "పర్పెండిక్యులర్"లో మోర్స్ తన పాటలు తను వాయించినప్పుడు చూడాలి. "సమ్‌టైమ్స్ ఐ ఫీల్ లైక్ స్క్రీమింగ్" అని ఒకటుంది. అందులో గిటారు వరస బ్లాక్‌మోర్‌కి తట్టేదే కాదు. ఆయనకంటే గొప్పదని కాదు నేననేది. అది వేరే మనిషిది.

ఈ తేడా నాకు చెవులతో కాదు, ఉద్యోగంలో అర్థమయింది. 2004లో హైదరాబాదులో ఒక కంపెనీలో చేరాను. పేరెందుకులెండి. నేను కూర్చున్న కుర్చీ అంతకుముందు ఒక మహానుభావుడిది. ఆ ప్రొడక్టు గుండెకాయ లాంటి మాడ్యూలు మొత్తం ఆయనే రాశాడు. పదకొండు వేల లైన్లు, ఒకే ఫైలు. నేను చేరేటప్పటికే ఆయన అమెరికాలో ఇంకెక్కడో ఉన్నాడు. కానీ ప్రతి కోడ్ రివ్యూలోనూ ఉండేవాడు. "ఆయనైతే ఇలా రాసేవాడు కాదు." "ఆయనున్నప్పుడు ఈ బగ్గు రాలేదు." ఆ బగ్గు ఆయన 2001లో పెట్టి వెళ్ళిందే అని నేను లాగులు తీసి చూపిస్తే, "ఆయన ఏదో ఆలోచించే పెట్టుంటాడు" అన్నారు! రెండేళ్ళు ఇదే వరస. అయినా ఆ మాడ్యూలు చదువుతుంటే నాకే ముచ్చటేసేది. అంత పిచ్చిగా, అంత తెలివిగా రాసినవాణ్ణి నేను మళ్ళీ చూళ్ళేదు. నా చేతికి ఆ రాత రాదు. నేను దాన్ని విడగొట్టి, టెస్టులు రాసి, రాత్రి మూడింటికి ఫోను మోగకుండా చేశాను. ఫోను మోగకపోవడం ఎవరికీ వినపడదు కదా.

మాధాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళే బస్సులో "పర్పెండిక్యులర్" వినడం ఆ రోజుల్లోనే అలవాటైంది. ఎంపీత్రీ ప్లేయరు, 128 ఎంబీ. రెండు ఆల్బములు పట్టేవి.

రెండు ఆల్బములంటే గుర్తొచ్చింది. ఈ మాట చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. 2003 జనవరి 16న కల్పనా చావ్లా రెండోసారి అంతరిక్షంలోకి వెళ్తూ తనతో కొన్ని సీడీలు తీసుకెళ్ళింది. అందులో రెండు డీప్ పర్పుల్‌వి. ఒకటి "మెషీన్ హెడ్", రెండోది "పర్పెండిక్యులర్". ఒకటి బ్లాక్‌మోర్‌ది, ఇంకొకటి మోర్స్‌ది. వ్యోమగాముల్ని పాటతో నిద్రలేపడం నాసా వాళ్ళ ఆనవాయితీ. ఆవిడ కోసం ఒక రోజు "స్పేస్ ట్రకిన్" వేశారు. ఫిబ్రవరి 1న కొలంబియా తిరిగొస్తూ ముక్కలైపోయింది. ఏడుగురూ పోయారు. ఆ ఏడాదే వచ్చిన "బనానాస్" ఆల్బమ్ చివర్లో చిన్న గిటారు ముక్క ఒకటుంది, మాటల్లేవు, పేరు "కాంటాక్ట్ లాస్ట్". వాళ్ళ కోసం రాసింది స్టీవ్ మోర్స్.

నిమిషంన్నర కూడా ఉండదది. ఆ ఆల్బమ్ అట్ట మీద అరటిపళ్ళ బొమ్మ చూసి లోకమంతా నవ్వింది, నేనూ నవ్వాను. చివరిదాకా విన్నవాళ్ళు మాత్రం నవ్వలేదు.

కర్నాల్‌లో పుట్టి హ్యూస్టన్ దాకా వెళ్ళిన ఆవిడ ఈ పాత, కొత్త పంచాయితీలో ఏ పక్షమో నాకు తెలియనక్కర్లేదు. సంచీలో రెండూ పెట్టుకుంది. మా అన్నకి ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "రెండోది ఎందుకు పెట్టుకుందో" అన్నాడు. మనిషి మారడని అప్పుడే అర్థమయింది :)

2002లో జాన్ లార్డ్ తనంతట తను తప్పుకున్నాడు. గొడవల్లేవు, మర్యాదగా. ఆయన స్థానంలోకి డాన్ ఎయిరీ. లార్డ్ 2012లో కన్నుమూస్తే మరుసటేడు "నౌ వాట్?!" ఆల్బమ్‌ని ఆయనకి అంకితమిచ్చారు. ఈ పద్ధతి నాకు నచ్చింది. ఎయిరీ ఎప్పుడూ లార్డ్‌లా వాయించబోడు, లార్డ్ గుర్తులు చెరపబోడు కూడా. గిల్లన్, గ్లోవర్, పేస్, మోర్స్, ఎయిరీ, ఈ అయిదుగురూ 2002 నుంచి 2022 దాకా కదల్లేదు. ఇరవై ఏళ్ళు! మా అన్న ఒరిజినల్ అనే మార్క్ టూ మొదటి విడత నడిచింది నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళు ఉన్నవాడిని "కొత్త గిటారిస్టు" అని పిలుస్తూనే ఉన్నారు. మన ఆఫీసులో ఇరవై ఏళ్ళుంటే వాచీ ఇస్తారు.

వాచీ సంగతి కూడా చూడండి. 2016లో ఈ బ్యాండుని అమెరికాలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఎనిమిదిమందికి గౌరవం. మొదటి మూడు మార్కులవాళ్ళు. అందులో కూడా నిక్ సింపర్‌ని వదిలేశారు. టామీ బోలిన్ లేడు. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా వాయిస్తున్న మోర్స్ లేడు, ఎయిరీ లేడు. బ్లాక్‌మోర్ పేరుంది, ఆయనేమో రాలేదు. అంటే రోజూ డ్యూటీకి వచ్చేవాడికి బ్యాడ్జీ లేదు, బ్యాడ్జీ ఉన్నవాడు ఎప్పుడో మానేశాడు. ఆ జాబితా ఎవరు చేశారో గానీ మన అప్రైజల్ కమిటీలలో బ్రహ్మాండంగా పనికొస్తారు.

ఇక్కడ మా అన్న లాయరు పాయింటు ఒకటి లాగుతాడు. "అయితే ఎవడైనా ఆ పేరు పెట్టుకోవచ్చా? పేరుకి విలువ లేదా?" అని. మంచి ప్రశ్నే. దానికి జవాబు 1980లోనే దొరికింది. బ్యాండు మూతపడి ఉన్న ఆ రోజుల్లో కొందరు డీప్ పర్పుల్ పేరుతో అమెరికాలో కచేరీలు మొదలుపెట్టారు. అందులో గాయకుడు ఎవరనుకున్నారు? రాడ్ ఎవాన్స్! అచ్చంగా ఒరిజినల్ గాయకుడు. మిగతావాళ్ళెవరో ఎవరికీ తెలియదు. జనం తిట్టుకున్నారు, అసలు బ్యాండు తరఫువాళ్ళు కోర్టుకెళ్ళారు, 6,72,000 డాలర్ల నష్టపరిహారం పడింది. పాత ఆల్బములమీద రావాల్సిన రాయల్టీలు కూడా పోయాయి ఆయనకి. ఒరిజినల్ మనిషి ఉన్నా అది డీప్ పర్పుల్ కాలేదు. ఇటు చూస్తే 1968 నుంచి ఇప్పటిదాకా అన్ని మార్కుల్లోనూ ఉన్నది డ్రమ్మర్ పేస్ ఒక్కడే. 2020లో "వూష్!" ఆల్బమ్‌లో తమ తొలి ఆల్బమ్‌లోని తొలి ముక్కని మళ్ళీ వాయించారు. రెండు రికార్డింగుల్లోనూ ఉన్న మనిషి ఆయనొక్కడే. అయినా అది వాళ్ళదే అనిపిస్తుంది వింటే. ఎందుకంటే మధ్యలో తాడు తెగలేదు. ప్రతి కొత్తవాడూ పాతవాడి పక్కన నుంచుని కొన్నాళ్ళు వాయించాడు. మోర్స్ ఎనిమిదేళ్ళు లార్డ్ పక్కన వాయించాడు, ఎయిరీ ఇరవై ఏళ్ళు మోర్స్ పక్కన. అదీ కే.టీ. అంటే.

మా ఇంట్లోనూ ఇదే చూశాను నేను. నాన్నగారికి ఘంటసాల. 1974లో ఆయన పోయాక ఇక పాటే లేదని తీర్మానం. బాలుగారు అప్పటికే ఏడెనిమిదేళ్ళుగా పాడుతున్నా సరే, "కుర్రాడు బానే పాడతాడు గానీ..." దగ్గర ఆగిపోయేవారు. బాలుగారు వేల పాటలు పాడి పెద్దాయనయ్యాక కూడా కుర్రాడే. 2020 సెప్టెంబరులో ఆయనా వెళ్ళిపోయాక మా వయసువాళ్ళం కూర్చుని ఇప్పటి గాయకుల్ని "బానే పాడతారు గానీ..." అంటున్నాం.

ఆ "గానీ" మీదే నా ఆలోచనంతా. 2023లో మా అన్నని కంపెనీ పొమ్మంది. పందొమ్మిదేళ్ళు ఒకేచోట. ఒక శుక్రవారం కాల్, పావుగంట. అంతకు ముందు మూడు నెలలనుంచీ ఇరవయ్యారేళ్ళ కుర్రాడికి తన పనంతా నేర్పిస్తున్నాడు, బ్యాకప్ కోసమని చెప్పారట. రాత్రి నాకు ఫోను చేశాడు. "ఏం లేదురా, బ్లాక్‌మోర్ వెళ్ళిపోయాడు, వాళ్ళెలా నడుపుకుంటారో చూద్దాం" అని నవ్వాడు. నాకు గుర్తొచ్చింది బ్లాక్‌మోర్ కాదు, నిక్ సింపర్. ఆ మాట అనలేదు. ఎలా అంటాను?

ఆ కుర్రాడెలాంటివాడన్నా అని అడిగాను. కాసేపు ఆగాడు. "మంచోడేరా. నాకన్నా టెస్టులు బాగా రాస్తాడు. డాక్యుమెంటేషన్ కూడా... గానీ..." అని ఆగిపోయాడు. ఆ "గానీ" తర్వాత ఏముందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ కుర్రాడి తప్పు అందులో ఏమీ లేదని ఆయనకి తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గదు కదా.

అందుకే ఇప్పుడు ఆ తెగవాళ్ళతో వాదించేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గింది. పాత లైనప్‌ని పట్టుకుని వేలాడేవాళ్ళని వెక్కిరించడం సులువు. కానీ మనిషి వెళ్ళిపోయినా బండి ఆగకుండా నడిచిపోవడం చూస్తే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. "వాడు లేకుండా కుదరదు" అని ఎవరో ఒకరు అంటూ ఉండాలని ప్రతివాడికీ ఉంటుంది. మా అన్న యాభై ఏళ్ళుగా బ్లాక్‌మోర్ తరఫున ఆ మాట అంటున్నవాళ్ళ జట్టులో ఉన్నాడు. ఆయన తరఫున అనడానికి ఆ కంపెనీలో ఒక్కడైనా ఉన్నాడో లేదో.

అలాగని మోర్స్‌కి జరిగిన అన్యాయం అన్యాయం కాకుండా పోదు. కొన్నేళ్ళుగా కుడి మణికట్టులో కీళ్ళు అరిగిపోయి, పట్టుకునే తీరే మార్చుకుని వాయించాడాయన. 2022లో భార్యకి క్యాన్సరని ఆవిడ దగ్గర ఉండడానికి బ్యాండు మానేశాడు. అప్పుడు మొదలయ్యాయి నివాళులు! ఇరవై ఎనిమిదేళ్ళు "వీడు బ్లాక్‌మోర్ కాడు" అన్న నోళ్ళే, ఆయన బదులు బెల్‌ఫాస్ట్ నుంచి సైమన్ మెక్‌బ్రైడ్ రాగానే "వీడు మోర్స్ కాడు" అన్నాయి. మోర్స్ ఒరిజినల్ కావడానికి మానెయ్యాల్సి వచ్చిందన్నమాట.

నా తీర్పు కూడా చెప్పెయ్యాలిగా. 2024 జులైలో వచ్చిన ఆ ఆల్బమ్ పేరు "=1". (చూడగానే ఇది అసైన్‌మెంటా, పోలికా అని తన్నుకున్నాం ఆఫీసులో.) మెక్‌బ్రైడ్ 1979లో పుట్టాడు, అంటే మార్క్ టూ మొదటిసారి విడిపోయాక ఆరేళ్ళకి. మోర్స్ కన్నా మొరటుగా, బ్లాక్‌మోర్‌కి కొంచెం దగ్గరగా వాయిస్తాడు. పాటలు చిన్నవయ్యాయి, వేగం పెరిగింది. "పోర్టబుల్ డోర్" నాకు బాగా నచ్చింది. "లేజీ సాడ్" పర్లేదు. మధ్యలో రెండు పాటలు ఎందుకున్నాయో తెలియదు. గిల్లన్‌కి 2025 ఆగస్టులో ఎనభై నిండాయి. "చైల్డ్ ఇన్ టైమ్" లైవ్‌లో పాడడం ఎప్పుడో 2002లోనే ఆపేశాడు. ఆ కేకలు ఇప్పుడు రావు, రావని ఆయనకే తెలుసు, అందుకని ఉన్న గొంతుకి సరిపడా పాటలు రాసుకుంటున్నాడు. ఈ లైనప్‌లో వయసు తెలిసిపోతున్నది కొత్తవాడిలో కాదు, పాతవాళ్ళలో. ఆ మాట మాత్రం ఏ అభిమానీ పైకి అనడు.

ఫిర్యాదు ఒకటుంది నాకు. కచేరీలో మాత్రం సగం పాటలు యాభై ఏళ్ళ కిందటివే. "హైవే స్టార్"తో మొదలు, "స్మోక్"తో పతాక సన్నివేశం, ఆఖర్న "హష్", "బ్లాక్ నైట్". కొత్తవాణ్ణి బ్లాక్‌మోర్‌తో పోల్చొద్దంటూనే ప్రతి రాత్రీ బ్లాక్‌మోర్ పాటలే చేతికిస్తే జనం పోల్చక ఏం చేస్తారు? కొత్త ఆల్బమ్‌లోవి ఇంకో రెండు ఎక్కువ వాయిస్తే ఆ కుర్రాడు (నలభై దాటినా కుర్రాడేనండోయ్, నాకూ అలవాటైపోయింది) తన కాళ్ళమీద తను నుంచుంటాడు.

మా అన్నకి పోయిన దసరాకి ఆ ఆల్బమ్ లింకు పంపాను. ఇప్పుడాయన ఒక చిన్న కంపెనీలో చేరాడు, ఎవరో వదిలి వెళ్ళిన కోడు బాగుచేస్తున్నాడు. అయిదు వారాలు జవాబు లేదు. తర్వాత ఒక అర్ధరాత్రి మెసేజీ వచ్చింది. "నాలుగో పాట పర్లేదు. పేస్ వల్ల."

నాలుగో పాట "పోర్టబుల్ డోర్".